గోపమంత్రి బాకీ, రామచంద్రుని రసీదు

కంచెర్ల గోపన్న పేరు వినని తెలుగువాడు లేడు. మన మహాసభ వార్షిక సంచికలలో పూర్వ మహనీయుల చరితములను ప్రకటించుట ఆచారముగా వచ్చుచున్నది. ఆ వరుసలో ఈయేడు గోపన్న చరితమును వ్రాయుమని సంపాదకవర్గమువారు మమ్ము కోరగా మొదట సందేహించితిమి. ఆ భక్తాగ్రేసరుని గూర్చి హరికథకులు చెప్పనిది, నాటక సమాజములవారు ఆడనిది, చలనచిత్రములవారు చూపనిది మేము క్రొత్తగా చెప్పదగినదేమున్నది? ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు శబ్దమంజరియు అమరమును చెప్పిన పంతులము. న్యాయశాస్త్రము మా వృత్తి కాదు.

అయినను ఆ చరితమును మఱల తలపోయగా మాకొక సంగతి తోచినది. గోపన్న రామదాసు అగుటకు ముందు ఉద్యోగి. పరుల ధనమును చేతబట్టినవాడు. ఆ ధనము లెక్కకు రాకపోగా పదవిని పోగొట్టుకొని, సర్కారుకు బాకీదారుడై, చెఱసాల పాలైనవాడు. నేటి న్యాయవాదులు దివాలా వ్యవహారములనియు, నమ్మకపు పదవులకు అనర్హతయనియు పేరులు పెట్టి జీవితమంతయు వాదించుకొను విషయములు ఆ ఒక్క జీవితమునందే మూటగట్టి యున్నవి. మనలో ననేకులు ఉద్యోగులు, కరణములు, కోశాధికారులు, బ్యాంకు అధికారులు, సంఘ కార్యదర్శులు. కావున గోపన్న చరితమును ఈ వైపునుండి చదువుట మనకు వినోదము గాదు, అవసరము.

ఖమ్మము పట్టణమునకు దక్షిణమున కొన్ని క్రోసుల దూరములో నేలకొండపల్లి యను గ్రామము కలదు. అది మిక్కిలి పురాతనమైన స్థలము. అచ్చట బౌద్ధుల కాలపు స్తూపము నేటికిని నిలిచియున్నది. విరాటరాజు కొలువు అచ్చటనే యుండెనని ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు. ఆ గ్రామమున నియోగి కుటుంబమునందు లింగన్నమంత్రికిని కామాంబకును గోపన్న జన్మించెను. ఇది క్రీస్తు శకము పదునేడవ శతాబ్దము నాటి మాట. తన తండ్రి పేరును, ఆత్రేయ గోత్రమును, కంచెర్లవారి వంశమును ఆయనయే దాశరథీ శతకపు చివర చెప్పుకొనియుండుటచే ఈ విషయమున వివాదమునకు తావు లేదు. ఆయన పుట్టిన చోట నేడు ధ్యానమందిరము వెలసియున్నది.

బాల్యమున సంస్కృతాంధ్రములను చక్కగా అభ్యసించెననుటకు ఆ శతకమే సాక్ష్యము. ఉత్పలమాలలను చంపకమాలలను అంత ధారాళముగా నడపుట, యమకానుప్రాసములను భక్తికి అడ్డు రానీయక కూర్చుట, గురుముఖమున చదువని వానికి సాధ్యము కాదు. రఘునాథ భట్టరాచార్యుని యొద్ద వైష్ణవదీక్ష గొనెనని సంప్రదాయము. కబీరుదాసు వచ్చి తారకమంత్రము నుపదేశించెనను కథయు కలదు గాని, కబీరు గోపన్నకు చాల కాలము పూర్వుడు. ఆ కథ భక్తులొకరి నొకరు కాలమును దాటి గుర్తింతురని చెప్పుటకు పుట్టినదే కాని చరిత్రగా గైకొనదగినది గాదు.

గోపన్నకు మేనమామలు అక్కన్న మాదన్నలు. హనుమకొండ ప్రాంతమునకు చెందిన ఈ సోదరులు చిన్న వ్రాతపనులతో నారంభించి గోలకొండ రాజ్యమున అత్యున్నత పదవులను పొందిరి. 1672లో అబుల్ హసన్ కుతుబ్‌షా, అనగా మనము తానీషా యని పిలుచుకొను ప్రభువు, సింహాసన మెక్కెను. కొలది యేండ్లలోనే మాదన్న ప్రధానమంత్రి యయ్యెను. 1677లో ఛత్రపతి శివాజీ గోలకొండకు వచ్చినపుడు రాజ్యభారమంతయు ఈ సోదరుల చేతిలోనే యుండెను. ఇట్టి మేనమామల పలుకుబడిచే గోపన్నకు పాల్వంచ పరగణా తహశీలుదారు పని దొరకెనని చెప్పుదురు. బంధువుల వలన ఉద్యోగము దొరకుట అప్పుడును కలదు, ఇప్పుడును కలదు. అందు వింత లేదు. వింత యేమనగా, ఆ బంధుత్వము ఆయనను చెఱనుండి తప్పింపలేకపోవుట. ఆ సంగతి ముందు చెప్పెదము.

పాల్వంచ పరగణా యనగా నేటి ఖమ్మము సీమ అడవులును గోదావరి తీరమును కలియు చోటు. కిన్నెరసాని పాఱు నేల. టేకు, మద్ది, ఇప్ప, వెదురు దట్టముగా పెరిగిన అడవి. కోయవారి గూడెములు, నడుమ నడుమ వరిచేలు, జొన్నచేలు. అట్టి సీమలో శిస్తు వసూలు చేయుట తేలిక పని కాదు. అంతకన్న కష్టమైనది వసూలైన దానిని గోలకొండ ఖజానాకు నియమిత కాలమునకు చేర్చుట.

గోలకొండవారి రాబడి పద్ధతిని ఇచ్చట కొంచెము వివరింపవలెను. 1618 మొదలు కొన్ని యేండ్లు మచిలీపట్టణమున వ్యాపారము చేసిన విలియము మెథ్‌వోల్డు అను ఆంగ్లేయుడు ఆ పద్ధతిని గూర్చి వ్రాసియుంచెను. రాజ్యపు రాబడి యెక్కువ పాటకు పాడినవానికి ఇజారాకు ఇయ్యబడుచుండెను. పాడినవాడు పంట పండినను ఎండినను ఒప్పుకొన్న మొత్తమును కట్టవలెను. కట్టలేనివాడు ఎంతటి అధికారి యైనను వానికి దెబ్బలును చెఱయును తప్పవు. అనగా శిస్తు వసూలుదారుడు ఒక చేత రైతుకు అధికారి, మఱియొక చేత సర్కారుకు పూచీదారుడు. పెట్టెలోని సొమ్ము కండ్లకు కనబడుచుండును, చేతికి తగులుచుండును, కాని అందొక్క కాసైనను తనది కాదు. ఈ స్థితిలోని ప్రమాదము నెఱుగక గోపన్న చరితమును గ్రహింపలేము.

పాల్వంచ నుండి గోదావరి యొడ్డునకు పోయి నదిని దాటినచో భద్రాచలము. ఆ కాలమున అది కొండయును, తాళ్ళతోపును, పర్ణశాలయును మాత్రమే. పోకల దమ్మక్క యను కోయభక్తురాలు స్వప్నమున ఆదేశము పొంది, పుట్టలోనున్న సీతారామలక్ష్మణుల విగ్రహములను కనుగొని, పుట్టను కడిగి, తాటాకుల పందిరి వేసి, తాటిపండ్లను నైవేద్యము పెట్టుచు పూజించుచుండెనని స్థలపురాణము. రాముడచ్చట శంఖచక్రములు ధరించి, నాలుగు చేతులతో, సీతను అంకమున నుంచుకొని కూర్చున్నాడు. అట్టి రామమూర్తి ఇతరత్ర అరుదు. ఆ గుట్టపై తొలి గుడి కట్టినది తాటాకులతో దమ్మక్క యనియు, రాతితో కట్టినవాడు గోపన్న యనియు ఆ ప్రాంతమువారు నేటికిని చెప్పుదురు. ఈ రెండవ పేరును తలచువారందఱును మొదటి పేరును మఱువరాదు.

గోపన్న ఆ మూర్తిని చూచెను. ఎండకును వానకును తాటాకుల పందిరి ఏ పాటి యాగును? ఆలయము కట్టింపవలెనని సంకల్పించెను. మొదట చందాలు వసూలు చేసెను. చందాలు చాలలేదు. అప్పుడు పరగణా శిస్తు సొమ్మును వెచ్చించెను. ఒక కథనము ప్రకారము గ్రామస్థులే ఆయనను ప్రార్థించిరట: ఇప్పటికి శిస్తు సొమ్ముతో పని నడపుడు, పంట ఇంటికి వచ్చిన వెంటనే మేము పూరింతుమని. ఈ కథనమే మాకు నమ్మదగినదిగా తోచుచున్నది. ఏలయన పరుల ధనమును వాడుకొన్న సజ్జనులందఱును ఇట్లే వాడుకొందురు. దొంగకు గడువు అక్కఱ లేదు. సజ్జనుడే తనకు తాను గడువు పెట్టుకొనును. వచ్చు పంటకు, వచ్చు నెలకు, వచ్చు చందాకు.

ప్రాకారము లేచెను, మండపము లేచెను, గోపురము లేచెను. సీతకును, రామునకును, లక్ష్మణ భరత శత్రుఘ్నులకును ఆభరణములు వచ్చెను. మొత్తము ఆఱు లక్షలని లోకము చెప్పుకొను లెక్క. వరహాలని కొందఱు, మొహరీలని కొందఱు. అంత సొమ్ము గోలకొండకు చేరలేదు. మఱల పంట వచ్చెను. బాకీ తీరలేదు.

ఇచ్చట మన ధర్మశాస్త్రమేమి చెప్పుచున్నదో చూడవలెను. మనవారు వ్యవహారపదములను పదునెనిమిదిగా విభజించిరి. అందు మొట్టమొదటిది ఋణాదానము, అనగా అప్పుల వ్యవహారము. మనువును నారదుడును దానినే ముందు పెట్టిరి. నిక్షేపము, అనగా నమ్మి దాచుమని యిచ్చిన సొమ్ము వ్యవహారము, వేఱొక పదము. అప్పు తీర్పలేనివాడు వేఱు, అప్పగించిన దానిని మార్చినవాడు వేఱు. నారదుడు దానప్రకరణమున ఈయరాని వస్తువులను పేర్కొనుచు, ఇతరులు దాచుమని యిచ్చిన నిక్షేపమును, పదిమందికి ఉమ్మడియైన ధనమును అందు చేర్చెను. దానము చేయువాడు ఎంతటి ఆపదలో నున్నను అది చెల్లదని ఆయన నిర్ణయము. పాత్రుడు భగవంతుడైనచో చెల్లునని మినహాయింపు లేదు. కౌటిల్యుడు రాజధనమును అధికారులు హరించు మార్గములను నలువదిగా లెక్కించెను. అందు స్వంతమునకు తినివేయుట యొక్కటే తప్పని చెప్పలేదు. వచ్చిన దానిని చేర్పకుండుటయు, కాలము దాటించుటయు, ఒక పద్దు సొమ్మును మఱియొక పద్దున వేయుటయు దోషములే.

ఈ శాస్త్రము ప్రకారము గోపన్న దోషి యగునా? అగును. ఈ మాట వ్రాయుటకు మా చేయి వణకినది. కాని వ్రాయక తప్పదు. పిడికెడు మెతుకులైనను తనకై దాచుకొనని వాడు, తన యింట అన్నదానము చేసి ఖ్యాతి గాంచినవాడు, అయినను సర్కారు పద్దున దోషియే. మనవాడు గనుక ఈ లెక్కను చూడకుండ భక్తిగీతములను మాత్రమే పాడుకొందుమన్నచో, ఆయన పడిన పండ్రెండేండ్ల బాధకు అర్థమే లేకుండ పోవును.

గోపన్నను పట్టి గోలకొండకు తెచ్చిరి. కోటలో ఆయనను బంధించిన గది యని నేటికిని రామదాసు బందిఖానాను చూపుదురు. గోడపై రామాదుల రూపములను ఆయనయే చెక్కెనని చెప్పుదురు. పైకప్పులోని కంత నుండి మాత్రమే వెలుతురు పడు ఆ చీకటి కొట్టును మేము ఒకసారి విద్యార్థులతో గూడ దర్శించితిమి. పిల్లలు లోపలికి పోయి, కొంత సేపటికి మాటలు మాని, తమంతట తామే బయటకు వచ్చిరి.

చెఱ పండ్రెండేండ్లని సంప్రదాయము. తానీషా పరిపాలించినది 1672 మొదలు 1687 వఱకు పదునైదేండ్లు. పండ్రెండేండ్లను ఆ పదునైదేండ్లలో నిమిడ్చి చూచినచో, మేనమామలిద్దఱును రాజ్యమేలుచున్న కాలమంతయు మేనల్లుడు అదే కోటలో చెఱనుండెనని తేలును. కొలువుకూటమునకును బందిఖానాకును నడుమ దూరము ఎంతయో కాదు. మాదన్న కలము కదలించినచో ఆఱు లక్షల బాకీని లెక్కలలో మాయము చేయుట అసాధ్యము కాదు. చేసినట్లు ఏ కథయు చెప్పదు. చేయలేకపోయెనో, చేయరాదనుకొనెనో. శత్రువులు కండ్లలో నిప్పులు పోసికొని చూచుచున్నపుడు స్వజనుని తప్పును కప్పుట రెండవ తప్పగునని ఆ మంత్రి ఎఱిగియుండునని మా ఊహ.

చెఱలో గోపన్న చేసినదేమి? కీర్తనలు పాడెను. ఆ కీర్తనలలో ఒకదానిని న్యాయవాది యెవడైన చదివినచో ఆశ్చర్యపడును. అందు ఆయన భరతునకు ఏ పతకము చేయించెనో, శత్రుఘ్నునకు ఏ మొలత్రాడు చేయించెనో, లక్ష్మణునకు, సీతకు ఏమేమి చేయించెనో, ఒక్కొక్క దానికి ఎంతెంత పట్టినదో వరుసగా చెప్పి రాముని నిలదీయును. భక్తులు దీనిని నిందాస్తుతి యందురు. మేమును అట్లే చదివితిమి. కాని కరణీకపు కుటుంబములో పుట్టిన మాకు అది కవిలెకట్ట వలెను కనబడును. ఋణగ్రస్తుడు న్యాయస్థానమునకు సమర్పింపవలసిన వెచ్చముల పట్టిక అది. దెబ్బలు తినుచున్నవాడు సైతము లెక్కను మఱువలేదు, దాచలేదు, ఒక్క నగ ధరను తగ్గించి చెప్పలేదు. మఱియొక కీర్తనలో సీతమ్మను మధ్యవర్తినిగా వేడుకొనును. అదియు ఋణగ్రస్తుడు చేయు పనియే. తీర్పు చెప్పువాని కడకు తాను పోలేనపుడు ఇంటి ఇల్లాలి ద్వారా విన్నపము పంపుట.

ఇంక విడుదల. కథ అందఱెఱిగినదే. ఒక రాత్రి రామోజి, లక్ష్మోజి యను ఇద్దఱు యువకులు తానీషా శయనాగారమునకు వచ్చి, ఆఱు లక్షలును కుప్పగా పోసి, చెల్లుచీటి వ్రాయించుకొని, దానిని చెఱలో నిద్రించుచున్న గోపన్న ప్రక్కన నుంచి పోయిరి. తెల్లవారి ప్రభువు నాణెములను చూచి, వచ్చినవారెవరో గ్రహించి, గోపన్నను విడిపించి సత్కరించెను. ఆ నాణెములలో కొన్ని యని భద్రాచల దేవస్థానమున రామమాడలను చూపుదురు.

చదువరులారా, ఈ కథను నమ్ముటయు నమ్మకపోవుటయు మీ మీ మనస్సుల కడ నుండును. మేమడుగునది వేఱు. కథ అల్లిన తెలుగువారు రాముని చేత ఏమి చేయించిరో గమనింపుడు. ఆ రాముడు శివధనుస్సును విఱిచినవాడు. బందిఖానా గోడను పగులగొట్టింపవచ్చును. సంకెలలను తెంపింపవచ్చును. తానీషా మనస్సును కరగించి బాకీని మాఫీ చేయింపవచ్చును. ఇవి యేవియు చేయింపలేదు. మొదటి కాసు మొదలు చివరి కాసు వఱకు లెక్కించి కట్టించిరి. కట్టించి ఊరకుండక రసీదు తీసికొనునట్లు చేసిరి. భక్తుని కొఱకు వచ్చిన భగవంతుడైనను సర్కారు బాకీ తీర్పక భక్తుని తీసికొనిపోరాదని ఆ కథ చెప్పినవారు భావించిరి. సొమ్ము పోసినవాడు దేవుడే యైనను చెల్లుచీటి లేనిదే చెల్లు కాదని వారి మతము. న్యాయమును గూర్చి మన పల్లెలవారికి గల యెఱుక ఇంతకన్న స్పష్టముగా మఱెచ్చటను మేము చూడలేదు.

ఈ యెఱుకయే దేశదేశముల శాసనములలోను కనబడుచున్నది. వెనుక ఇంగ్లాండులో అప్పు తీర్పలేని బీదవారిని సైతము చెఱలో వేయుచుండిరి. నవలాకారుడగు చార్లెసు డికెన్సు తండ్రి 1824లో లండనునందలి మార్షల్సీ చెఱలో నుండెను. 1869 నాటి ఋణగ్రస్తుల శాసనము సామాన్యపు అప్పులకు ఆ చెఱను తొలగించెను. కాని కొన్ని మినహాయింపులనుంచెను. నమ్మకముపై ఇతరుల ధనమును పట్టుకొన్న ధర్మకర్తలు కోర్టు ఆజ్ఞాపించినను చెల్లింపనిచో వారు అందు చేరుదురు. దుష్ప్రవర్తనకై కట్టుమన్న ఖర్చులను కట్టని సాలిసిటర్లును, అనగా కక్షిదారుల పక్షమున కాగితములు నడపు న్యాయవాదులును, అందే చేరుదురు.

మన దేశమున సివిలు ప్రొసీజరు కోడు 51వ సెక్షనుకు 1936లో చేర్చిన నియమమును ఇట్టిదే. కట్టగలిగియు కట్టని వానిని, మోసగించు వానిని, నమ్మకపు సొమ్మునకు లెక్క చెప్పవలసిన వానిని మాత్రమే సివిలు చెఱకు పంపవచ్చును. కేవలము దారిద్ర్యము వలన అప్పు తీర్పలేని వానిని చెఱలో నుంచుట తగదని 1980లో సుప్రీముకోర్టు జాలీ జార్జి వర్గీసు వ్యవహారమున స్పష్టపఱచెను. ఆ కోడులోనే మఱియొక నియమము కలదు. చెఱ అనుభవించి విడుదల యైనంత మాత్రమున బాకీ తీరదు. గోపన్న పండ్రెండేండ్లు గడపినను ఆఱు లక్షలలో ఒక్క కాసు తగ్గకపోవుట ఈ నియమమునకు తగియే యున్నది. నేడు ఆ చెఱకు మూడు నెలలు పరిమితి.

దివాలా శాసనములను చూడుడు. పూర్వము వర్తకుడు చితికిపోయినచో పట్టపగలు అంగడి ముందు దివ్వె వెలిగించుననియు, దివాలా యను మాట అట్లు పుట్టెననియు చెప్పుదురు. తరువాత 1909 నాటి రాజధాని నగరముల శాసనమును, 1920 నాటి రాష్ట్రీయ శాసనమును వచ్చిన పిమ్మట, మన పల్లెలలో దానికి ఐ.పి. పెట్టుట యని పేరు వచ్చెను. ఆ 1920 శాసనము కరుణ గలది. నిజముగా చితికినవాడు ఉన్నదంతయు ఒప్పగించి, నిజము చెప్పి, అప్పుల నుండి విముక్తి పొందవచ్చును. కాని ఆ విముక్తి సర్కారు బాకీకి వర్తింపదు. మోసముతో నమ్మకద్రోహము చేసి తెచ్చుకొన్న బాకీకిని వర్తింపదు. గోపన్న నేడు ఐ.పి. పెట్టినను ఆయన బాకీ సర్కారు బాకీయే గనుక విముక్తి దొరకియుండదు.

ఇక పదవుల మాట. విముక్తి పొందని దివాలాదారుడు పార్లమెంటు సభ్యుడుగా నుండుటకు మన రాజ్యాంగము అనర్హుని చేసెను. 2013 నాటి కంపెనీల శాసనము 164వ సెక్షను అట్టివానిని డైరెక్టరు పదవికి అనర్హుని చేసెను. వరుసగా మూడు సంవత్సరములు జమాఖర్చుల పత్రములను గాని వార్షిక వివరములను గాని దాఖలు చేయని కంపెనీ డైరెక్టర్లును, ప్రజల డిపాజిట్లను ఏడాది దాటినను తిరిగి ఈయని కంపెనీ డైరెక్టర్లును ఐదేండ్లు అనర్హులు. 2017లో ఈ నియమము క్రింద ఒక్క పెట్టున మూడు లక్షలకు పైగా డైరెక్టర్లు అనర్హులైరి. వారిలో అందఱును దొంగలని మేమనజాలము. లెక్క దాఖలు చేయుటను ఆలస్యము చేసిన సజ్జనులును ఉందురు. అనర్హత యనునది పగ తీర్చుకొనుట కాదు. పరుల పెట్టె తాళపు చెవి ఎవరి చేతిలో నుండరాదో నిర్ణయించి లోకమును కాపాడుటయే దాని ప్రయోజనము.

ఇంత వ్రాసిన మేము మా సంగతి దాచుట న్యాయము కాదు. పదవీ విరమణానంతరము మేమొక విద్యార్థి వసతి నిధికి కోశాధికారిగా కొంతకాల ముంటిమి. ఒక వేసవిలో వసతిగృహపు పైకప్పు చెడియుండెను. వానలకు ముందే బాగు చేయింపవలెనని, పరీక్ష రుసుములకై దాతలు వేఱుగా ఇచ్చిన సొమ్మును దానికి వెచ్చించితిమి. చందాలు రాగానే పూరింపవచ్చునని తలచితిమి. మాకు మేమే గడువు పెట్టుకొంటిమి. చందాలు రాలేదు. రుసుము కట్టవలసిన చివరి దినమున ఒక బాలుడు మా గుమ్మమున నిలిచెను. మా చేతిలో తాపీపనివాని రసీదులున్నవి, రూపాయలు లేవు. చేబదులుకై తిరిగి వచ్చునప్పటికి వేళ మించెను. వాడు ఆ యేడు పరీక్షకు కూర్చుండలేదు. తరువాత మా పింఛను నుండి ఆ సొమ్మంతయు నిధికి చెల్లించితిమి. పదవిని వదలితిమి. బాలుని సంవత్సరమును మాత్రము చెల్లింపలేకపోతిమి. దానికి రసీదు ఇచ్చువాడు లేడు. నాటి నుండియే గోపన్న చరితము మాకు వేఱుగా వినబడసాగెను.

విడుదల యైన గోపన్న భద్రాద్రికి మఱలి వచ్చి, శేషజీవితమును రామసేవలో గడపెనని చెప్పుదురు. మఱల శిస్తు పెట్టెను చేతబట్టినట్లు కథలు చెప్పవు. పిదప రాజ్యమే నిలువలేదు. 1686లో అక్కన్న మాదన్నలు హతులైరి. 1687 సెప్టెంబరులో గోలకొండ ఔరంగజేబు వశమాయెను. ఆఱు లక్షల బాకీకై భక్తుని చెఱలో నుంచిన తానీషా తానును బందీయై దౌలతాబాదు కోటలో మరణించెను. ఆయనను విడిపింప ఏ రామోజియు రాలేదు. అయినను తానీషా పేర సీతారాముల కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము నిలిచెను. నిజాములు దానిని సాగించిరి, ప్రజాప్రభుత్వములును సాగించుచున్నవి. 1860లో భద్రాచలము నిజాము నుండి ఆంగ్లేయుల పాలనలోనికి పోయి, పిదప చెన్నరాజధానిలో చేరి, 1959లో ఖమ్మము జిల్లాలో కలిసి, 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. ఎల్లలెన్ని మాఱినను కల్యాణము మాఱలేదు. శతాబ్దము గడచిన పిమ్మట కావేరీ తీరమున త్యాగరాజస్వామి రామదాసును తన కీర్తనలలో స్మరించి ధన్యుడాయెను.

గోపన్న గొప్పతనము ఎచ్చటనున్నది? ఆలయము కట్టుటలో నున్నదందురు. ఉన్నది. కీర్తనలలో నున్నదందురు. మిక్కిలి యున్నది. మాకు తోచునది మఱియొకటి కలదు. తన తప్పునకు ఫలమును తానే అనుభవించెను. రైతులు చెప్పిరని రైతులపై వేయలేదు, మేనమామల చాటున దాగలేదు, ఒక్క పద్దును మఱుగుపఱచలేదు. మనము ఆయన వలె ఆలయములు కట్టలేకపోవచ్చును. ఆయన వలె లెక్క చెప్పుట మాత్రము మనలో ప్రతివానికిని సాధ్యమే.

ప్రతి మహాసభలోను రెండవనాటి మధ్యాహ్నము జమాఖర్చులు చదువబడును. ఆ వేళకు భోజనములు ముగిసి, పందిరి సగము ఖాళీ యగుట మనమెఱిగినదే. సన్మానములకు నిండు పందిరి, లెక్కలకు ఖాళీ కుర్చీలు. సోదరులారా, ఈయేడు ఆ అరగంట కూర్చుండుడు. పద్దు పద్దును వినుడు. అర్థము కానిదానిని అడుగుడు. అడిగినవానిపై కోశాధికారి కోపింపకుండుగాక. పరీక్ష రుసుము సొమ్ము పైకప్పునకు పోయినదా యని ఆ దినము మమ్ము ఒక్కరైనను అడిగియున్నచో, ఒక బాలుని సంవత్సరము మిగిలియుండెడిది. గోపన్నను పాల్వంచలోనే అడుగువాడొక్కడున్నచో, బహుశః పండ్రెండేండ్లు మిగిలియుండెడివి.

సీతారాముల అనుగ్రహమున మన నిధులకు చెల్లుచీటీలు ఎల్లప్పుడును సిద్ధముగా నుండుగాక యని కోరుచు విరమించుచున్నాము.